ట్యూనర్ ముల్లు చూసి రీడ్లు గీకకండి: ఐరీ లెజూన్, కేజన్ అకార్డియన్ – అపోహలు, వాస్తవాలు

ఐరీ లెజూన్ అమెరికాలోని లూసియానాకు చెందిన అకార్డియన్ వాద్యకారుడు. అక్కడి ఫ్రెంచ్ మూలాల కేజన్ జనం వాయించే చిన్న బటన్ల తిత్తి పెట్టే కేజన్ అకార్డియన్. ఆయన పాత రికార్డులు విని, ఆ నాదం మీద మనసు పడి, ఆ పెట్టె కొనుక్కున్నవాళ్ళు మొదట చేసే పని ఒకటుంది. ఫోన్‌లో ట్యూనర్ తెరిచి ఒక్కో బటనూ నొక్కి చూస్తారు. సి శ్రుతి పెట్టెలో 'ఇ' స్వరం 14 సెంట్ల దాకా తక్కువ చూపిస్తుంది (పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). ఇంత డబ్బు పోసి తప్పు పెట్టె కొన్నామా అని గాభరా. ఆ గాభరా సహజమే. కానీ అక్కడి నుంచి నేరుగా ఆకురాయి పట్టుకోవడమే కొంప ముంచుతోంది.

అపోహ: ముల్లు మధ్యలో నిలవకపోతే పెట్టె శ్రుతి తప్పినట్టే.

వాస్తవం: ఆ తగ్గింపు చాలామంది తయారీదారులు కావాలని పెట్టేది. మన లెక్కలో అది అంతర గాంధారం. తంబురా షడ్జం తీగ మోగుతుంటే దానిలోంచి తేలివచ్చే గాంధారం ఎక్కడుంటుందో, అక్కడే ఉంటుంది. కీబోర్డు గాంధారం దానికంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ. ట్యూనర్ కీబోర్డునే కొలబద్దగా పెట్టుకుంటుంది కాబట్టి సరైన గాంధారాన్ని తప్పంటుంది.

ఈ వాయిద్యానికి అది ఎందుకంత ముఖ్యం? కుడివైపు 10 బటన్లే. హార్మోనియంలో మెట్టు నొక్కితే ఎప్పుడూ ఒకే స్వరం. ఇక్కడ తిత్తి నొక్కితే ఒకటి, లాగితే ఇంకొకటి. నొక్కినప్పుడు పలికేవి స, గ, ప మాత్రమే. లాగినప్పుడు రి, మ, ద, నితో పాటు ఒక ప. ఎడమచేతి కింద ఉన్నవి రెండే బటన్లు: ఒకటి మంద్రం, ఒకటి కార్డ్. అంటే నొక్కినంతసేపూ స-గ-ప కలిసే మోగుతుంటాయి. పైగా ఒక్కో బటన్‌కు నాలుగు వరసల రీడ్లు. గాంధారాన్ని కీబోర్డు స్థాయికి పెంచితే మిడిల్ సి దగ్గర ఆ కలయిక సెకనుకు 10 సార్లు అదురుతుంది. నాలుగు వరసలూ తెరిస్తే అది గరగరే.

కుడివైపు మొత్తం 80 నాలుకలు, అంటే రీడ్లలో అదిరే ఉక్కు రేకులు. వాటిలో కొన్ని 'ఇ' పలికేవి, కొన్ని లాగినప్పుడు అదే పాత్ర పోషించే 'బి' పలికేవి. కొనవైపు గీకితే స్వరం పెరుగుతుంది, రివెట్ వైపు గీకితే తగ్గుతుంది. ఎటు గీకినా ఉక్కు పలచబడుతుంది, తిరిగి అతకదు. ఈ నాలుకలను పెంచి, తప్పు తెలుసుకుని మళ్ళీ దించారంటే ఒక్కో నాలుక రెండు చోట్ల అరిగిపోయినట్టే.

కాబట్టి ట్యూనర్ పక్కన పెట్టి ఇలా చూడండి. పెట్టె పైన ఒక్కో రీడ్ల వరసను తెరిచి మూసే పిడి (స్టాప్) ఉంటుంది. మధ్య వరసల్లో ఒకదాని స్టాప్ ఒక్కటే పైకి లాగి, మిగిలిన మూడూ కిందికి నొక్కండి. తిత్తి నెమ్మదిగా నొక్కుతూ స, గ పలికే పక్కపక్క బటన్లు రెండూ కలిపి పట్టండి. నాదం కదలకుండా నిలిస్తే పెట్టె బాగుంది. అదిరితే ముందు నాలుక సందులో దుమ్ము చేరిందేమో, తోలు ముక్క పైకి లేచిందేమో, మైనం పగిలిందేమో చూడాలి. గీకడం ఆఖరి మాట. పక్కన కీబోర్డు వాయించేవాళ్ళుంటే గాంధారం వదిలేసి స, ప మాత్రమే పట్టమనండి. ఫిడిల్ అయితే నాలుగు తీగలూ ఒక స్వరం దించుకుంటారు. సి పెట్టెతో కలవడానికి లూసియానాలో అలవాటైన పద్ధతి అదే.

అపోహ: పియానో అకార్డియన్ మీదైనా లెజూన్ బాణీ వస్తుంది. రాదు. తిత్తి దిశ మారిన ప్రతిసారీ పడే ఆ కుదుపే టూ-స్టెప్ అనే నాట్యపు నడక.

అపోహ: లెజూన్ వాయించేది జైడెకో. కాదు, జైడెకో లూసియానాలోని నల్లజాతి క్రియోల్ జనం సంగీతం. అయితే లెజూన్ ఎవరి రికార్డులు విని నేర్చుకున్నాడో ఆ గురువు, అమెడీ ఆర్డ్వాన్ కూడా క్రియోలే. రెండు బాణీలకూ ఆయనే మూలపురుషుల్లో ఒకరు. ఈ మాట చెప్పకుండా లెజూన్ గురించి చెప్పడం అన్యాయం.

అపోహ: లెజూన్ ఒంటిచేత్తో అకార్డియన్‌ను బతికించాడు. ఇది ప్రేమకొద్దీ అనే మాట. 1930లలో ఫిడిల్, స్టీల్ గిటార్ బృందాలు డాన్స్‌హాళ్ళ నుంచి అకార్డియన్‌ను నెట్టేసిన మాట నిజం. 1948లో హ్యూస్టన్‌లో ఆయన రికార్డు చేసిన 'లవ్ బ్రిడ్జ్ వాల్ట్జ్' దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చిన మాటా నిజం. కానీ తోటి అకార్డియన్ వాద్యకారులు నేథన్ ఆబ్షైర్, లారెన్స్ వాకర్ కూడా ఆ రోజుల్లో ఆ భారం మోసినవాళ్ళే.

లూసియానాలోని చర్చ్ పాయింట్ ఊరి దగ్గర 1928లో పుట్టిన లెజూన్‌కు చూపు బాగా తక్కువ, పొలం పని చేయలేడు. అందుకే బతుకుతెరువు డాన్స్‌హాలే అయింది. 1955 అక్టోబర్ 8న, యూనిస్‌లో కచేరీ ముగించుకుని వస్తూ దారిలో పంక్చరైన టైరు మారుస్తుండగా కారు గుద్ది చనిపోయాడు. ఇంకో 20 రోజులకు 27 నిండేవి. అప్పటికి కొడుకు ఎడ్డీ పసివాడు. పెద్దయ్యాక అదే పెట్టె పట్టాడు. డ్రమ్స్, స్టీల్ గిటార్ లేకుండా, ఫిడిల్, గిటార్ మాత్రమే తోడుగా రికార్డు చేశాడు. స-గ-ప కలిసి కదలకుండా ఎలా నిలుస్తాయో చెవికి తెలియాలంటే ఆ రికార్డులు వినండి. అడ్డుపడే వాయిద్యం ఏదీ లేదు.