"ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి": పుస్తకాల షాపులో వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

శ్రీకాకుళంలో మా పుస్తకాల షాపు చిన్నది. ముందు భాగమంతా టెన్త్, ఇంటర్ గైడ్లు, గ్రూప్-2 బిట్ బ్యాంకులు, నోటు పుస్తకాలు. అద్దె, కరెంటు బిల్లు వాటితోనే గడుస్తాయి. వెనక మూడు బీరువాల్లో కథలు, నవలలు, కవిత్వం, ఆత్మకథలు, ప్రయాణాల పుస్తకాలు ఉంటాయి. గైడు కోసం వచ్చిన మనిషి నాలుగడుగులు లోపలికి వేసి ఆ బీరువాల ముందు నిలబడితే నాకు ఆ పూట పండగే.

అలా నిలబడ్డవాళ్ళు ఎక్కువమంది అడిగేది ఒకటే. "ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వండి." షాపు పెట్టిన కొత్తలో వెంటనే ఒకటి తీసి చేతిలో పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు ముందు స్టూలు వేసి కూర్చోమంటాను. ఎందుకో చెప్పాలంటే ఆ మాట వెనకున్న కొన్ని నమ్మకాల గురించి మాట్లాడుకోవాలి. అవి పాఠకులవే కాదు, చాలాకాలం నావి కూడా.

అపోహ: ఇప్పుడు మంచి పుస్తకాలు రావడం లేదు

ఇది రిటైరైన మాస్టార్ల నోట ఎక్కువగా వింటాను. "మా రోజుల్లో వచ్చినట్టు ఇప్పుడెక్కడ వస్తున్నాయి బాబూ" అంటారు. వాళ్ళంటే నాకు గౌరవం. వాళ్ళు చెప్పిన పుస్తకాలు చదివే నేను ఈ దారి పట్టాను. కానీ ఈ ఒక్క మాట నేను ఒప్పుకోను.

సాహిత్య అకాడమీ ఈ మధ్య తెలుగులో పురస్కారాలిచ్చిన పుస్తకాలు కొన్ని చూడండి. 2019లో బండి నారాయణస్వామి 'సప్తభూమి'. రాయలసీమ చరిత్ర మీద నవల. 2022లో మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం'. సంగీతం చుట్టూ, దేవదాసీ కుటుంబాల చుట్టూ తిరిగే నవల. 2023లో పతంజలి శాస్త్రి కథల సంపుటి 'రామేశ్వరం కాకులు'. 2024లో యువ పురస్కారం రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో'కి వచ్చింది. అవి గోర్ బంజారాల, అంటే లంబాడీల కథలు. నాలుగూ నాలుగు లోకాలు. ఒకదాని వాసన ఇంకోదానికి అంటదు. ఇంత తేడా ఉన్న పుస్తకాలు ఐదారేళ్ళలో గుర్తింపు తెచ్చుకుంటే, రావడం లేదని ఎలా అంటాం?

మరి కనపడవేం? దానికి కారణం అచ్చు లెక్కల్లో ఉంది. ఇప్పుడు చాలా తెలుగు పుస్తకాలు ఐదు వందలో వెయ్యో కాపీలు వేస్తారు. చాలాసార్లు ఆ ఖర్చు రచయితదే. కొన్ని ఆవిష్కరణ సభలో స్నేహితుల చేతికి వెళ్తాయి, కొన్ని హైదరాబాదు, విజయవాడ షాపులకి చేరతాయి. మిగిలినవి రచయిత ఇంట్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి. శ్రీకాకుళం దాకా రెండు కాపీలు వస్తే గొప్ప. ఆ రెండూ అమ్ముడైపోతే మూడోమనిషికి ఆ పుస్తకం పుట్టనట్టే. అందుకే పుస్తకం గురించి ఎక్కడైనా నాలుగు మంచి మాటలు వినగానే లోపలి పేజీలో ఉన్న నంబరుకి నేనే ఫోన్ చేసి, ఐదేసి కాపీలు బస్సు పార్సిల్లో తెప్పించుకుంటాను. పంపిన రచయిత వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్ చేసి, "ఎవరైనా తీసుకున్నారాండీ?" అని అడుగుతారు. ఆ గొంతులో ఆశ వింటే, ఆ ఐదూ సరైన చేతుల్లో పెట్టేదాకా నాకు నిద్రపట్టదు.

ఇంకో సంగతి. మన పక్కనే విజయనగరంలో ఉండి గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' రాశారు. 1897లో అచ్చయిన రోజున అదీ కొత్త పుస్తకమే. వాడుక భాషలో ఎందుకు రాశారో ముందుమాటలో ఆయన వాదించి చెప్పాల్సి వచ్చింది. ఆ నాటకాన్నే 1909లో బాగా పెంచి మళ్ళీ అచ్చువేశారు. కొత్తదని పక్కన పడేయకుండా అప్పుడు చదివినవాళ్ళు ఉండబట్టే అది మన దాకా వచ్చింది.

అపోహ: అవార్డు వచ్చిందంటే అందరికీ నచ్చుతుంది

పైన అవార్డుల పేర్లు చెప్పాను కదా. ఫలానా పుస్తకం ఉందని తెలియడానికి అవి పనికొస్తాయి. ఎవరికివ్వాలో అవి చెప్పవు. ఇది నేను ఒక మనిషిని బాధపెట్టి నేర్చుకున్నాను.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దాయన వచ్చారు. కరెంటు లైన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయి రెండు నెలలైందని ఆ తర్వాత తెలిసింది. "రాత్రిళ్ళు నిద్ర పట్టటం లేదండి, మంచి పుస్తకం ఏదైనా ఇవ్వండి" అన్నారు. నేనొక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పట్లో అందరూ చెప్పుకుంటున్న, అవార్డు వచ్చిన లావుపాటి నవల తీసి ఇచ్చేశాను. నెల తర్వాత ఆయన దాన్ని న్యూస్ పేపర్లో చుట్టి వెనక్కి తెచ్చారు. ముప్ఫయ్యో పేజీ దగ్గర బస్సు టికెట్టు పెట్టి ఉంది. "మీ పుస్తకం గొప్పదే అయ్యుంటుంది మాస్టారూ. నాకే బుర్ర లేదు" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తప్పు నాది, నింద ఆయన తన మీద వేసుకున్నారు. చదవటం తన వల్ల కాదనుకుని వెళ్ళిపోయిన పాఠకుడు మళ్ళీ షాపు మెట్లెక్కడు. ఆయన పుస్తకం తిరిగివ్వడానికైనా వచ్చారు కాబట్టి నాకు రెండో అవకాశం దొరికింది.

కూర్చోబెట్టి టీ తెప్పించాను. మాటల్లో 2018 తిత్లీ తుపాను సంగతి వచ్చింది. అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటాక స్తంభాలన్నీ నేలకొరిగితే, వీళ్ళ గ్యాంగు రోజుల తరబడి ఉద్దానంలో పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య పనిచేసిందట. చెప్తూ ఉంటే ఆయన కళ్ళు వెలిగాయి. ఆయనకి కావలసింది పనిచేసే మనుషుల సంగతులు. ఒక పల్లెటూరి డాక్టరు రాసుకున్న అనుభవాల పుస్తకం ఇచ్చాను. నూటపాతిక పేజీలు, నాలుగేసి పేజీల ముక్కలు, పెద్ద అక్షరాలు. నాలుగు రోజుల్లో వచ్చి ఇంకోటి అడిగారు.

అప్పట్నుంచి పుస్తకం తీసేముందు అడుగుతాను. ఎప్పుడు చదువుతారు, పగలా రాత్రా? ఈ మధ్య చివరిదాకా చదివింది ఏది? ఏదీ లేకపోతే, గుర్తుండిపోయిన సినిమా ఏది? మీ పనేమిటి? ఇంట్లో ఎలా ఉంది? ఈ చివరిది నేరుగా అడగను, మాటల్లో అదే వస్తుంది. అరవై దాటినవాళ్ళయితే పుస్తకం విప్పి వాళ్ళ చేతికిచ్చి ఒక వాక్యం చదవమంటాను. చేయి చాచి దూరంగా పట్టుకున్నారంటే, ఎంత గొప్ప పుస్తకమైనా ఆ సైజు అక్షరాలతో పదో పేజీ దాటదు. పబ్లిషర్లు పేజీలు తగ్గించుకోవడానికి అక్షరాలు కుదిస్తే పెద్దవయసు పాఠకులే ముందు నష్టపోతారు. నాకు దీనిమీద నిజంగా కోపం ఉంది.

అపోహ: మనవాళ్ళకి మన ప్రాంతం పుస్తకాలే పడతాయి

సగం నిజం. మిగతా సగం తప్పు.

మొన్న వేసవిలో కొడుక్కి పాలిసెట్ గైడు కొనడానికి ఒకావిడ వచ్చింది. ఇంట్లో జాకెట్లు కుడుతుందట. మెడలో టేపు తీయకుండానే వచ్చేసింది. గైడు అటక మీద ఉంది, తీసేసరికి ఆలస్యమైంది. ఈలోగా ఆవిడ బీరువాలోంచి ఒక సన్నటి కథల పుస్తకం తీసి నిలబడే చదువుతోంది. బొటనవేలు ఒక్కో లైను కిందా పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ. నేను గైడు దులిపి బల్లమీద పెట్టినా తల ఎత్తలేదు. పేజీ అయ్యాక అడిగింది.

"ఇందల మాలాంటోళ్ళ గురించి ఉందేటండి?"

ఉందమ్మా అన్నాను. మన జిల్లా రచయితే, మన మాటల్లోనే రాశాడన్నాను. రాత్రి మిషను ఆపాక అరగంట తీరిక ఉంటుందంది. కథ ఒకటి అరగంటలో అవుతుంది. తీసుకెళ్ళింది. పది రోజులకి వచ్చి, "రెండో కథ నాకు నచ్చలేదండి. నాలుగోది మూడుసార్లు చదివాను" అంది. ఎవరో చెప్పింది తిరిగి చెప్పకుండా తన రుచి తాను చెప్పింది. పదేళ్ళు చదువుతున్నవాళ్ళు కూడా ఇంత ధైర్యంగా చెప్పరు.

ఈసారి రెండు ఇచ్చాను. ఒకటి మళ్ళీ మన వైపు కథలే. రెండోది 'ఢావ్లో'. "ఇది మనకి దూరపుది, పట్టకపోతే తెచ్చేయండి" అన్నాను. ఆవిడ తేలేదు, దాచుకుంది. "లంబాడీల అద్దాల బట్టలు రైల్లో చూశానండి. ఆళ్ళ ఇళ్ళలో మాటలు ఇప్పుడే విన్నాను" అంది.

ఇప్పుడు నా పద్ధతి ఇదే. రెండు దగ్గరివి, ఒకటి దూరపుది. దగ్గరిదంటే ఊరే కానక్కర్లేదు, పని కావచ్చు, వయసు కావచ్చు, ఇష్టం కావచ్చు. విజయనగరం నుంచి ఒక వయొలిన్ నేర్చుకునే అమ్మాయి వస్తుంటుంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన ఊరు, 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆ అమ్మాయికి 'మనోధర్మపరాగం' దగ్గరి పుస్తకం, మన పల్లెల కథలు దూరపువి. మా కుట్టుమిషను అమ్మకి సరిగ్గా ఎదురు. అన్నీ దగ్గరివే ఇస్తే మనిషి ఉన్నచోటే ఉండిపోతాడు. అన్నీ దూరపువే ఇస్తే భయపడి మానేస్తాడు.

అపోహ: కథలు కాలక్షేపం, నవలే అసలు పుస్తకం

ఈ మాట శ్రీకాకుళంలో నిలబడి అనకూడదు. కథలన్నీ ఒకచోట ఉండాలని కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచింది ఈ ఊళ్ళోనే. ఆయనకి 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కూడా కథలకే. ఇక మొన్న 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథలకి వచ్చింది. ఆ బహుమతి ఒక కథల పుస్తకానికి రావడం అదే మొదలు. చదవటం మానేసి చాలాకాలమైనవాళ్ళకి నేను ముందు కథలే ఇస్తాను. ఒక కథ పూర్తిచేసిన తృప్తి రెండోదాన్ని చదివిస్తుంది.

అపోహ: అనువాదం అంటే ఎంగిలి

బెంగాలీ రచయిత శరత్ నవలల్ని తెలుగులో చదివి, సొంతం చేసుకుని ఏడ్చిన తరాల పిల్లలం మనం, అనువాదాన్ని ఎంగిలంటే ఎలా? అయితే అనువాదాలన్నీ ఒక్కటి కావు. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో చూడండి. కన్నడం నుంచి, ఒరియా నుంచి, తమిళం నుంచి నేరుగా చేశారా, మధ్యలో ఇంగ్లీషు మీదుగా వచ్చిందా అన్నది చాలావాటిల్లో రాసి ఉంటుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవి కొన్ని బాగుంటాయి, కానీ మన పక్క భాషల ఇంటి మాటలు, వంటల పేర్లు, తిట్లు దారిలో జారిపోతాయి. ఇంకో పరీక్ష ఉంది. ఎక్కడో మధ్యలో ఇద్దరు మాట్లాడుకునే పేజీ తీసి పైకి చదవండి. మనుషులు మాట్లాడుకుంటున్నట్టు ఉంటే కొనండి, నోటీసు చదువుతున్నట్టుంటే బీరువాలో పెట్టేయండి. ఇచ్ఛాపురం దాటితే ఒరియా దేశమే, అయినా అక్కడ ఇప్పుడు ఏం రాస్తున్నారో మనకి అందేది చాలా తక్కువ. ఆ లోటు నాకు బాధగా ఉంటుంది.

అపోహ: కొన్నాక చివరిదాకా చదవాల్సిందే

అక్కర్లేదు. యాభై పేజీలు చదివినా పట్టకపోతే పక్కన పెట్టండి. నా దగ్గర కొన్నవాళ్ళకి ముందే చెప్తాను, నలగకపోతే తెచ్చి మార్చుకోండి అని. మార్చుకున్నవాళ్ళే ఎక్కువ కొంటారు.

అపోహ: పుస్తకాలు డబ్బున్నవాళ్ళకి

రెండు వందలు, మూడు వందలు పెట్టి నెలకో పుస్తకం కొనలేని ఇళ్ళు మా చుట్టూ చాలా ఉన్నాయి. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మీరు ఇంటి పన్ను కడుతున్నారు కదా, అందులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. లైబ్రరీ మీ డబ్బుతో నడుస్తోంది. అక్కడ కొత్త పుస్తకం లేకపోతే, కావాలని కాగితం మీద రాసి లైబ్రేరియన్‌గారికి ఇవ్వండి. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తేనే కొత్తవి వస్తాయి. పుస్తకాలమ్మేవాడు లైబ్రరీకి పంపుతాడేమిటని మా ఆవిడ మొదట్లో అడిగేది. చదివే అలవాటు పడ్డవాళ్ళు ఎప్పటికైనా ఒకటి సొంతంగా ఉంచుకోవాలనుకుంటారు, అప్పుడు నా దగ్గరికే వస్తారు.

కొనలేనని మొహమాటపడే పిల్లలకి చీటీ మీద పేర్లు రాసిస్తాను. ఆమదాలవలస నుంచి బస్సులో వచ్చి ఇక్కడ డిగ్రీ చదివే కుర్రాడొకడికి మొన్న నాలుగు రాసిచ్చాను, ఒక నవల, రెండు కథల పుస్తకాలు, ఒక ప్రయాణాల పుస్తకం. పోయిన వారం ఆ చీటీ మడత పెట్టి తిరిగి తెచ్చాడు. రెండింటికి టిక్కులున్నాయి. ప్రయాణాల పుస్తకం పక్కన "మళ్ళీ చదవాలి" అని పెన్సిలుతో రాశాడు. నవల పక్కన "లేదు, కాగితం రాసిచ్చాను" అని ఉంది. ఆ నవల నా బీరువాలో ఒక్క కాపీ మిగిలింది. అట్ట వేసి ఇచ్చాను, చదివి తెమ్మని.