కల్చర్ రిపోర్టులో కనిపించని తెల్లకణం

గాజువాక నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా నాన్నగారికి షుగర్ ఉంది. కాలి పుండుకు కల్చర్ రిపోర్టులో పనిచేస్తుందని వచ్చిన మందే వాడుతున్నాం. అయినా ఎందుకు మానడం లేదు?" కాలికి రక్తప్రసరణ తగ్గడం, ఎముకకు ఇన్ఫెక్షన్ పాకడం వంటి కారణాలను వైద్యులు ఎలాగూ పరీక్షిస్తారు, నేను రిపోర్టు చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

ఈ రిపోర్టు కోసం ల్యాబులో ప్లేటు నిండా పుండు నుంచి తీసి పెంచిన బాక్టీరియాను పూసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలను దానిపై ఉంచి, బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లుందో మర్నాడు కొలుస్తారు. ఆ ప్లేటులో మన రక్తంలో ఉండి సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణం ఒక్కటీ ఉండదు. పైగా వలయం చెప్పేది పెరుగుదల ఆగిందని మాత్రమే.

డాక్సీసైక్లిన్ వంటి మందులు బాక్టీరియా ప్రొటీన్ల తయారీని అడ్డుకుని, వాటి పెరుగుదలను ఆపుతాయి. చంపి, మింగి, శుభ్రం చేసే పని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలది. మన తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్ద వల చూడండి: వల చేపలను చుట్టి ఆపుతుంది గానీ, తాళ్ళు పట్టి లాగే మనుషులు లేకపోతే చేప నీళ్ళలోనే బతికి ఉంటుంది, వల సడలగానే తిరిగి వెళ్ళిపోతుంది.

చంపే మందులకూ ఈ సాయం కావాలి. పెన్సిలిన్ దెబ్బ తీసేది తన చుట్టూ కణగోడ కట్టుకుంటూ పెరుగుతున్న బాక్టీరియాను. నిద్రాణంగా ఉన్నది తప్పించుకుంటుంది. స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియాలో దాదాపు పది లక్షలకొకటి ఇలా మిగులుతుందని శాస్త్రవేత్త జోసెఫ్ బిగర్ 1944లో గుర్తించాడు. వాటి సంతతి మళ్ళీ పెన్సిలిన్‌కు చచ్చింది కనుక అది నిరోధకత కాదు. ఆరోగ్యవంతునిలో ఆ మిగిలినవాటిని న్యూట్రోఫిల్స్ ఏరివేస్తాయి. గుండె కవాటంపై ఏర్పడే బాక్టీరియా గడ్డలోకి అవి సరిగా చొరబడలేవు. అందుకే అక్కడ చంపే మందునే, సాధారణంగా 4 నుంచి 6 వారాలు, రక్తనాళంలోకి ఇవ్వవలసి వస్తుంది.

కీమోథెరపీ తర్వాత న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కంటే తగ్గినప్పుడు పరిస్థితి మరీ ప్రమాదకరం. చీములో అధికభాగం చచ్చిన న్యూట్రోఫిల్సే గనుక, అవి లేనిచోట చీమే సరిగా పట్టదు. "చీము పట్టలేదు, భయం లేదు" అనే నమ్మకం ఇక్కడ ప్రాణాంతకం. జ్వరమొక్కటే హెచ్చరిక కావచ్చు. అందుకే కల్చర్‌కు రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా, గంటలోపే మందు మొదలుపెట్టాలంటారు.

మధుమేహంలో న్యూట్రోఫిల్స్ సంఖ్య సరిగానే ఉన్నా, రక్తంలో చక్కెర ఎక్కువైతే అవి ఇన్ఫెక్షన్ వైపు కదలడమూ, మింగిన బాక్టీరియాను చంపడమూ మందగిస్తాయి. కనుక ఆ పుండులో చచ్చిన కణజాలాన్ని తొలగించడం, పాదంపై బరువు పడకుండా చూడడం, చక్కెరను అదుపులోకి తేవడం యాంటీబయాటిక్ చికిత్సలో భాగాలే. ఇంకా పెద్ద మందు కావాలని అడిగే ముందు నాన్నగారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) ఎంతుందో వైద్యునితో కలిసి చూడండి.