పేజీ పెట్టగానే బేరాలొస్తాయా? సోషల్ మీడియాలో చిన్న వ్యాపారం: అపోహలు, వాస్తవాలు

రాజమండ్రిలో చిన్న చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా పేజీలు చూసిపెట్టడం నా పని. పచ్చళ్లవాళ్లు, పూతరేకులవాళ్లు, ఇంట్లోనే చీరలు అమ్మేవాళ్లు, టిఫిన్ సెంటర్లవాళ్లు వస్తుంటారు. రాగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే: "పదివేల మంది ఫాలోవర్లు రావడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?" నేను ఇంకోటి అడుగుతాను. "మీకు మెసేజ్ వస్తే ఎవరు చూస్తారు? ఎంతసేపట్లో జవాబిస్తారు?" అక్కడ కాసేపు నిశ్శబ్దం.

అపోహ: అన్నిట్లో ఖాతాలు ఉండాలి

ఒకాయన ముహూర్తం చూసుకుని ఒకే రోజు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్, టెలిగ్రామ్ తెరిచాడు. ఐదింట్లోనూ మొదటి పోస్టు వినాయకుడి బొమ్మే. నాలుగింట్లో ఇప్పటికీ ఆ వినాయకుడు ఒక్కడే ఉన్నాడు.

మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది వాట్సాప్ బిజినెస్. 2018లో వచ్చింది, ఉచితం. దానికి వేరే నంబరు పెట్టుకోండి, లేకపోతే పెళ్లిపిలుపుల మధ్య ఆర్డర్లు పోతాయి. కేటలాగ్‌లో ఫొటో, ధర, బరువు పెట్టండి. రోజూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి దాచుకోండి. స్టేటస్‌ను తక్కువగా చూడకండి, ఇప్పటికే మీ దగ్గర కొన్నవాళ్లు రోజూ చూసేది అదే. ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టవచ్చు కానీ, మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే ప్రతి పార్శిల్‌లోనూ "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని ఒక చీటీ వేయమంటాను.

దుకాణం ఉన్నవాళ్లు గూగుల్ మ్యాప్‌లో తప్పకుండా ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు. అందులో వేళలు సరిగ్గా పెట్టండి. ఆదివారం తెరిచే ఉందని మ్యాప్ చెబితే నమ్మి వచ్చి, దించిన షట్టర్ చూసి వెళ్లిపోయినవాడు మళ్లీ రాడు. ఈ రెండూ కుదిరాక ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌లలో ఏదో ఒకటి చాలు.

అపోహ: ధర పెడితే పక్క షాపువాడు చూసేస్తాడు

దీని మీద నేను వాదించినంత ఇంకే విషయం మీదా వాదించలేదు. పోస్టు కింద ఇరవై మంది "ప్రైస్?" అని అడుగుతారు, షాపువాళ్లు ఇరవై సార్లు "డీఎం చేయండి", అంటే విడిగా మెసేజ్ పెట్టండి అని రాస్తారు. పక్క షాపువాడికి మీ ధర తెలియాలంటే మీ ఇన్‌స్టానే చూడాలా? కుర్రాణ్ని పంపిస్తే ఐదు నిమిషాల్లో తెలుసుకుంటాడు. దాచడం వల్ల అసలు నష్టం కొనేవాడి దగ్గర. ధర కనపడకపోతే "ఎక్కువే ఉంటుందిలే" అనుకుని పైకి జరిపేస్తాడు. అడిగినవాడి మొహం చూసి ధర చెబుతారేమోనన్న అనుమానం కూడా ఉంటుంది, అది చాలాసార్లు నిజమే కూడా.

పూతరేకులు అమ్మే ఒక ఇంటివాళ్లతో ధరతో పాటు మిగతావన్నీ రాయించాను: పెట్టెలో ఎన్ని, బెల్లమా పంచదారా, ఎన్నాళ్లు నిలవుంటాయి, కొరియర్ ఖర్చు ఎవరిది. అడిగేవాళ్లు తగ్గారు, కొనేవాళ్లు పెరిగారు. "ఎంత?" అని మాత్రమే అడిగి మాయమయ్యేవాళ్లు రాకపోవడమే పెద్ద లాభం. తినేవి అమ్మేవాళ్లు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా పేజీలో కనపడేలా పెట్టండి. అడగకముందే చూపిస్తే నమ్మకం.

అపోహ: మంచి కెమెరా కావాలి, డాన్సు చేయాలి

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ఊరి ప్రత్యేకత అన్న గుర్తింపు, వచ్చింది. అయినా ఆ రేకు ఎలా వస్తుందో చూడనివాళ్లు చాలామంది. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ, ఒక్క విసురు. కుండ మీద కాగితం కంటే పల్చటి పొర లేస్తుంది. ఇందాక చెప్పిన పూతరేకుల ఇంటివాళ్ల అమ్మాయి గుమ్మం దగ్గర వెలుతురులో మామూలు ఫోనుతో ఇరవై సెకన్లు తీసింది. అంతకుముందు స్టూడియోవాళ్లతో తీయించిన వీడియోలో పెట్టెలు, లైట్లు, బంగారు అక్షరాలు అన్నీ ఉన్నాయి. దాన్ని ఎవరూ పంచుకోలేదు. దీన్ని పంచుకున్నారు.

పాటల విషయంలో జాగ్రత్త. ఇన్‌స్టాలో బిజినెస్ ఖాతాలకు సినిమా పాటలు చాలావరకు అందుబాటులో ఉండవు, బయటి నుంచి ఎక్కిస్తే శబ్దం తీసేసే అవకాశం ఉంది. తిరగమోత చిటపటలకు మించిన పాట ఏముంది?

అపోహ: బూస్ట్ నొక్కితే బేరాలే బేరాలు

బూస్ట్ అంటే డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించడం. ఒక టిఫిన్ సెంటర్ ఆయన నాకు చెప్పకుండా అది నొక్కి, ప్రాంతం అన్నచోట ఆంధ్రప్రదేశ్ అని పెట్టాడు. లైకులు బాగానే వచ్చాయి. శ్రీకాకుళం, చిత్తూరు, కర్నూలు... పెసరట్టు తినడానికి చిత్తూరు నుంచి ఎవరొస్తారండీ? టిఫిన్ సెంటరైతే చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లు చాలు. లక్ష్యం అన్నచోట లైకులు కాకుండా మెసేజ్‌లు గానీ, ఫోన్ కాల్స్ గానీ ఎంచుకోండి. కొద్ది మొత్తంతో వారం చూడండి. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని లెక్కలో వేసుకోండి. ఒక్క మాట: డబ్బులు పెట్టనప్పుడు ఎవరూ ఆగి చూడని పోస్టును, డబ్బులు పెట్టినా ఆగి చూడరు.

ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి అడుగుతుంటారు. మీ ఊళ్లోవాళ్లయితే, మీ సరుకు కొనేవాళ్లే వాళ్లను చూస్తుంటే సరే. డబ్బులిచ్చినా, సరుకు ఊరికే ఇచ్చినా అది ప్రకటన అని వాళ్లు స్పష్టంగా చెప్పాలి, ప్రకటనల ప్రమాణాల మండలి నిబంధన 2021 నుంచి ఉంది.

అపోహ: మా మేనల్లుడు చూసుకుంటాడు

చూసుకుంటాడు, బెంగళూరులో ఉద్యోగం వచ్చేదాకా. నేను చూసిన ఒక చీరల పేజీ అలాగే పోయింది. మెయిల్ ఆ అబ్బాయిది, ఫోన్ నంబరు ఆ అబ్బాయిది. అతను నంబరు మార్చాడు, పాస్‌వర్డ్ మరిచిపోయాడు, ఎవరి తప్పూ లేకుండానే నాలుగేళ్ల పేజీ తాళం పడి కూర్చుంది. కొత్త పేజీ తెరిస్తే పాత కస్టమర్లు "ఇది నకిలీదేమో" అని అడిగారు. శ్రావణమాసం ముందు జరిగిందిది. ఆ చీరల ఆవిడ టెన్షన్ నేను చూశాను.

ఎవరు నడిపినా సరే, నాలాంటివాళ్లకు అప్పగించినా సరే, మెయిల్, నంబరు యజమానివే ఉండాలి. పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే రెండంచెల భద్రత పెట్టుకోండి. "కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో ఖాతా మూసేస్తాం" అని లింకుతో మెసేజ్ వస్తే నొక్కకండి.

ఇంకో సంగతి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. అక్కడ లక్షల ఫాలోవర్లున్నవాళ్లు తెల్లారేసరికి ఖాళీ. కొద్ది రోజులకే ఇన్‌స్టాలో రీల్స్ అనే చిన్న వీడియోలు వచ్చాయి, మళ్లీ మొదటినుంచి. అందుకే కొన్నవాళ్ల పేరు, నంబరు, ఏం కొన్నారో ఒక పుస్తకంలో రాసుకోమంటాను. నవ్వుతారు, కానీ అది మాత్రం ఎవరూ మూసేయలేరు.

అపోహ: పోస్టు పెట్టడమే పని

పోస్టు వాళ్లను గుమ్మం దాకా తెస్తుంది, అంతే. లోపలికి పిలిచి కూర్చోబెట్టేది జవాబు. నా దగ్గరికొచ్చే పచ్చళ్ల ఆవిడకు పన్నెండు వందల మంది ఫాలోవర్లే. కానీ డల్లాస్‌లో మధ్యాహ్నం భోజనం వేళ, అంటే మనకు రాత్రి పదిన్నర ప్రాంతంలో, ఆవకాయ గుర్తొచ్చి మెసేజ్ పెట్టేవాళ్లున్నారని ఆవిడకు తెలుసు. పదకొండింటికి ఒకసారి ఫోను చూసి పడుకుంటుంది. "ఉందమ్మా, కొత్తావకాయ మే నెలలో, చెప్పి ఉంచుకోండి" అన్న ఒక్క ముక్క చాలు. తెల్లారి చూద్దాంలే అనుకుంటే ఆ సరికి వాళ్లు ఇంకొకరిని అడిగేసి ఉంటారు.

ఎవరైనా తిట్టినా అంతే, కామెంటు తుడిచేయకండి. ఏం జరిగిందో, ఏం చేశారో కిందే రాయండి. మిగతావాళ్లు చదివేది మీ జవాబునే.

ఇన్‌బాక్స్‌లోకి దొంగలూ వస్తారు. "పెద్ద ఆర్డరు, అడ్వాన్సు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక రెండో రకం, డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లు. బొమ్మ చూసి కాదు, మీ యాప్ తెరిచి ఖాతాలో పడిందని చూసుకున్నాకే పార్శిల్ కట్టండి.