ఏటి మీద తెల్లగోడ

సంక్రాంతికి ఇంటికొచ్చిన మా మేనల్లుడు బ్యాగులోంచి బట్టల కంటే ముందు ఒక లైటు బయటికి తీశాడు. వాడికి చెన్నైలో ఉద్యోగం. ఆదివారాలు తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నాడు. రాత్రిళ్లు పడవలో చేత్తో పట్టుకోవడానికని కొన్నాడట. అట్టపెట్టె మీద ‘20,000 ల్యూమెన్లు’ అని జానెడేసి అక్షరాలు. “బెజవాడ ఒడ్డున నిలబడి కొడితే సీతానగరం కనపడుద్ది మామయ్యా” అన్నాడు.

సరే చూద్దామని తెల్లవారుజామున నాలుగున్నరకి, తెలిసిన పెద్దాయన చేపల పడవ ఎక్కి బ్యారేజీ దీపాలకి దూరంగా ఎగువకి పోయాం. ఏటి మీద పల్చగా మంచు పట్టి ఉంది. వాడు బటన్ నొక్కాడు. భవానీ ద్వీపం కనపడలేదు సరికదా, మా ముందు ఒక తెల్లగోడ లేచింది. “ఆపు బాబూ, ఇందాకటిదాకా కనపడేది కూడా కనపడట్లా” అన్నాడు పెద్దాయన.

ఆ గోడ మా లైటు కట్టిందే. పొగమంచంటే గాల్లో తేలే నీటి బొట్లు. ఒక్కో బొట్టు మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది, అంతే. తన మీద పడ్డ వెలుగులో కొంత అది వెనక్కి కొడుతుంది. లైటును కంటి పక్కనే పట్టుకుంటే ఆ వెనక్కొచ్చిన వెలుగంతా నేరుగా మన కంట్లోకే దిగుతుంది. దూరంగా నీళ్లలో ఉన్న ఏ దుంగ నుంచో వచ్చే కాస్త వెలుగు అందులో మునిగిపోతుంది. దీనికి మందు ఖర్చులేనిదే. పెద్దాయన చెప్పినట్టు వాడు చెయ్యి పడవ అంచు బయటికి చాచి, నీళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు. గోడ సగం పల్చబడింది. ‘పసుపు లైటయితే మంచును చీల్చుకుని పోతుంది’ అని లారీ డ్రైవర్ల దగ్గర నుంచి అందరూ అంటారు గానీ, మంచు బొట్టు కాంతి తరంగం కంటే చాలా పెద్దది. అంత బొట్టు ముందు పసుపైనా తెలుపైనా ఇంచుమించు ఒకటే.

ఇక ఆ ఇరవై వేల సంగతి. ల్యూమెన్ అంటే లైటులోంచి అన్ని వైపులకీ వచ్చే మొత్తం వెలుగు. అది ఒక దిక్కున ఎంత గట్టిగా పోతోందో చెప్పేది క్యాండెలా. మొక్కలకి నీళ్లు పెట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార దూరంగా పోతుంది కదా. నీళ్లు పెరగలేదు, దారి ఇరుకైంది. దూరం చూడాలంటే పెట్టె మీద వెతకాల్సింది క్యాండెలాలు. మావాడి పెట్టె మీద ఆ మాటే లేదు.

క్యాండెలా తెలిస్తే లెక్క తేలిక. వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే వెలుగు చేరే దూరం మీటర్లలో వస్తుంది. 40,000 క్యాండెలాలకి 400 మీటర్లు. ఆ దూరంలో పడే వెలుగు పావు లక్స్ (పడ్డచోట వెలుగును కొలిచే లెక్క), అంటే ఇంచుమించు నిండు పున్నమి వెన్నెలంత. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు మీద వెన్నెల పరచాలంటే దాదాపు 3,74,000 క్యాండెలాలు కావాలి. పరిచినా లాభమేంటి? వెన్నెల్లో నల్ల దుంగ ఆనుతుందా? పెట్టె మీద రాసిన దూరంలో మూడో వంతే పనికొస్తుందని నా అంచనా. దూరం మూడో వంతయితే వెలుగు తొమ్మిది రెట్లు అవుతుంది మరి.

క్యాండెలాలు పెరగడానికి దగ్గరి దారి లైటుకి పెద్ద మూతి. అదే ఎల్‌ఈడీకి రెట్టింపు వెడల్పున్న గిన్నెలాంటి అద్దం బిగిస్తే వైశాల్యం నాలుగింతలు, కిరణం తీవ్రత కూడా దాదాపు నాలుగింతలు. చిటికెన వేలంత లైటు కిలోమీటరు కొడుతుందంటే నేను నమ్మను. ఇరవై వేల ల్యూమెన్లూ అంతే. మంచి ఎల్‌ఈడీ వాట్‌కి 100 నుంచి 150 ల్యూమెన్లు ఇస్తుంది, అంటే దీనికి కనీసం 130 వాట్లు కావాలి. ఇందులో ఉన్నవి 18650 అనే రకం రీఛార్జి సెల్స్ నాలుగు, కలిపి నలభై చిల్లర వాట్ అవర్లు. ఇరవై నిమిషాలకి ఖాళీ. ఈలోపే చెయ్యి కాలుతుంది, లేదా లైటే వేడికి తగ్గిపోతుంది.

లైటు కంటే ఖరీదైనది పెద్దాయన కన్ను. చీకట్లో చూసేవి కంటి వెనక పొర రెటీనాలోని దండాలనే కణాలు. వాటిలోని రొడాప్సిన్ అనే పదార్థం గట్టి వెలుగు పడగానే విడిపోతుంది, మళ్లీ నిండటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. తెరచాప పడవలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. నడిపేవాడి ముందు తెల్లటి చాప ఉంటుంది. వెనక నుంచి లైటు వేస్తే అది సినిమా తెర అయి కూర్చుంటుంది. అందుకని లైటు పట్టేవాడు ముందు కొసకి పోవాలి, వెలిగించింది రెండు సెకన్లలో ఆర్పేయాలి. మ్యాప్ చూసుకోవడానికి మసక ఎర్ర లైటు చాలు, దండాలు ఎరుపుని పెద్దగా పట్టించుకోవు.

అదే తెల్లచాప ఇంకోచోట ప్రాణం కాపాడుతుంది. పెద్ద ఓడ మీదికి వస్తుంటే లైటు చాప మీద వేసుకోవాలి, అవతలివాళ్ల కళ్లలో కాదు. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాల ప్రకారం, ఏడు మీటర్లలోపు తెరచాప పడవకి మామూలు దీపాలు పెట్టడం కుదరకపోతే, తెల్ల వెలుగిచ్చే టార్చి అయినా చేతికందేలా ఉంచుకుని ఢీకొనే ముందే చూపాలి.

మిగతావి గబగబా చెబుతా. నీళ్లకి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది. ఐపీఎక్స్4 అంటే చిందిన నీళ్ల వరకే. తేలుతుందో లేదో ఇంట్లో బకెట్లో వేసి చూసుకోండి. అడుగున అయస్కాంతం ఉన్నది మాత్రం వద్దు, దిక్సూచి పక్కన పెడితే దారి తప్పిస్తుంది.

తెల్లారబోతుండగా పెద్దాయన తన పాత టార్చి తీసి అలా ఒక్కసారి తిప్పాడు. గుర్రపు డెక్క అవతల, చాలా దూరంలో, నాలుగు చుక్కలు తళుక్కుమన్నాయి. వల ఆనవాలుకి కట్టిన ప్లాస్టిక్ డబ్బాలు. వాటికి లారీల వెనక అంటించే మెరిసే టేపు ముక్కలు చుట్టాడు. ఆ టేపు వెలుగుని చెదరగొట్టదు, వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. అందుకని దాన్ని చూసేటప్పుడు మాత్రం టార్చి కంటి పక్కనే ఉండాలి. మంచులో చెప్పినదానికి సరిగ్గా ఉల్టా.

మావాడు చెన్నై వెళ్లాక ఇంకోటి కొన్నాడు, మూతి వెడల్పుగా, పెట్టె మీద క్యాండెలాలు రాసి ఉన్నది. ఆ ఇరవై వేలది మా అక్క దగ్గర ఉండిపోయింది. కరెంటు పోయినప్పుడు శ్లాబుకేసి నిలబెడితే హాలంతా పట్టపగలే.