తిత్తి ముందు వెంటిలేటర్ పరీక్ష

రెండు వెంటిలేటర్లలో ఏది మేలో చూడటానికి మొదట రోగి అక్కర్లేదు, టెస్ట్ లంగ్ చాలు. స్ప్రింగు బిగించిన తిత్తి అది, కొలిమి తిత్తికి దూరపు చుట్టం. స్ప్రింగు వదులు చేస్తే ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి. బిగిస్తే న్యుమోనియాతో బిరుసెక్కినది. గాలి దారిలో సన్నని చిల్లున్న బిళ్ళ పెడితే ఆస్తమా రోగి తయారు.

వదులు తిత్తి దగ్గర దాదాపు అన్ని యంత్రాలూ పాసైపోతాయి. స్ప్రింగు బిగించాక తేడాలు బయటపడతాయి. తెర మీద 400 మిల్లీలీటర్లు అని కనిపిస్తుంది, తిత్తిలోకి అంత చేరదు. మిగతాది గొట్టాల్లోనే ఉండిపోతుంది. ఒత్తిడికి గొట్టం కాస్త ఉబ్బుతుంది, లోపలి గాలి అదుముకుంటుంది. ఈ ఒత్తిడిని నీటిమట్టం ఎత్తులో, సెంటీమీటర్లలో కొలుస్తారు. సెంటీమీటరుకి 2 మిల్లీలీటర్లు గొట్టం మింగేస్తే, 30 దగ్గర 60 మిల్లీలీటర్లు పోయినట్టే. మంచి యంత్రం రోగికి తగిలించకముందే గొట్టాన్ని పరీక్షించుకుని, ఆ లోటు కలిపి పంపుతుంది.

నన్నడిగితే ఎక్కువ మార్కులు ట్రిగ్గర్‌కి వెయ్యాలి. రోగి తనంతట తాను ఊపిరి తీయబోతే గొట్టంలో గాలి కొద్దిగా కదులుతుంది. యంత్రం అది పసిగట్టి వెంటనే గాలి అందించాలి. సెకనులో పదో వంతులోపు స్పందిస్తే బాగున్నట్టు. ఆలస్యమైతే మనిషి మూసిన తలుపు లాగుతున్నట్టు గింజుకుంటాడు, మెడ కండరాలు బిగుసుకుంటాయి. పేషెంటు వెంటిలేటర్‌తో ఫైట్ చేస్తున్నాడని ఐసీయూలో అనేది ఇలాంటప్పుడే. పోనీ అని ట్రిగ్గర్‌ని మరీ సున్నితంగా పెడితే ఇంకో తంటా. గొట్టంలో చేరిన నీళ్ళు తొణికినా, గుండె కాస్త గట్టిగా కొట్టుకున్నా ఊపిరే అనుకుని గాలి ఊదేస్తుంది.

2020లో కరోనా టెన్షన్‌లో చాలామంది అంబు సంచిని (చేత్తో నొక్కి రోగికి ఊపిరి అందించే సంచి) మోటారుతో నొక్కే యంత్రాలు చేశారు. అమెరికాలోని ఎంఐటీ బృందమైతే 2010 నాటి తమ క్లాసు ప్రాజెక్టునే మళ్ళీ బయటికి తీసింది. మత్తులో కదలకుండా ఉన్న రోగికి ఇలాంటివి సాయపడొచ్చు. మెలకువ వచ్చి సొంతంగా ఊపిరి తీసుకునే మనిషి వేగాన్ని అందుకోవడమే వీటికి కష్టం.

ఇంతా చేసి, ఎంత మంచి యంత్రమైనా నాబ్ తిప్పేది మనిషే. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 861 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. ఒక్కో ఊపిరికి, కిలో బరువుకి 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి పెట్టిన గుంపులో 39.8 శాతం చనిపోయారు. 6 చొప్పున పెట్టిన గుంపులో 31 శాతం. ఈ కిలోలు త్రాసు చూపేవి కావు, ఎత్తును బట్టి కట్టే లెక్క. ఒళ్ళు పెరిగితే ఊపిరితిత్తులు పెరగవు కదా! 170 సెంటీమీటర్ల మగవాడికి ఆ లెక్కన 66 కిలోలు, అంటే 6 చొప్పున ఊపిరికి దాదాపు 400 మిల్లీలీటర్లు. అతను నిజంగా 100 కిలోలుండి, ఎవరైనా త్రాసు చూసి సెట్ చేస్తే 600 అవుతుంది. యంత్రం మాత్రం ఆ 600 కూడా తప్పు లేకుండా కొలిచి పంపుతుంది.