పిక్కలో ఇటుక: బరంపురం స్లాబుల గొడవకు మూలం 2016లో ఉంది

ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్లుండే ఒక వీధిలో డ్రెయిన్ మీద వేసిన స్లాబు అంచున ఎర్రటి ఇటుక ముక్కలు బయటపడ్డాయి. దాంతో పాత గొడవ మళ్లీ మొదలైంది. కూల్చిన ఇళ్ల శిథిలాలను పగలగొట్టి తీసిన పిక్క, అంటే కంకర, వాడటానికి పర్మిషన్ ఉందని కాంట్రాక్టర్లు అంటున్నారు.

పర్మిషన్ ఉన్నమాట నిజమే. కాంక్రీటు కంకరకు 1970లో వచ్చిన ఐఎస్ 383 అనే భారతీయ ప్రమాణం పేరులోనే 'సహజ వనరుల నుంచి' అనే మాట ఉండేది. 2016లో ఆ మాట తీసేసి, కూల్చినవాటి పిక్కకూ చోటిచ్చారు. ఆ మార్చిలోనే కేంద్రం కూల్చివేత వ్యర్థాలకు నిబంధనలు తెచ్చింది. క్వారీ రాయి మిగులుతుంది, చెరువు గట్లమీద శిథిలాల కుప్పలు తగ్గుతాయి. మంచి పనే.

అయితే అదే ప్రమాణం ఈ పిక్కను రెండు రకాలుగా విడదీసింది. పాత కాంక్రీటును మాత్రమే పగలగొట్టి తీసింది ఒకటి. ఇటుక, టైల్స్ కలిసింది రెండోది. మొదటి రకాన్ని ఇనుము కట్టిన కాంక్రీటులో 20 శాతం దాకా వాడొచ్చు, అదీ ఎం25 గ్రేడు వరకే (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ). రెండో రకానికి అక్కడ చోటే లేదు. ఎం15 కంటే తక్కువ గ్రేడుతో, ఇనుము లేకుండా అడుగున పరిచే బెడ్డుకే అది పనికొస్తుంది. డ్రెయిన్ స్లాబులో ఇనుము ఉంది. ఇటుక ముక్కలు చూసి వీధివాళ్లు నిలదీయడం న్యాయమే.

మేస్త్రీల ఫిర్యాదు వేరు. గట్టి నల్లరాయి వంద కిలోలకు కిలో నీళ్లు కూడా పీల్చదు. పాత కాంక్రీటు పిక్కకు పాత సిమెంటు మాలు అంటుకునే ఉంటుంది కాబట్టి నాలుగైదు కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తాగేస్తుంది. ముందే తడిపి కలిపేటట్టయితే 10 శాతం దాకా నీళ్లు పీల్చే పిక్కనూ ప్రమాణం ఒప్పుకుంటుంది. పొడిగా మిక్సర్‌లో వేస్తే మాలు బిగుసుకుపోతుంది, పని ఆగకూడదని ఇంకో బకెట్ నీళ్లు పోస్తారు. స్లాబు బలం అక్కడే పోతుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కూల్చివేత వ్యర్థాలకు తెచ్చిన కొత్త నిబంధనలతో ఈ పిక్క వాడకం ఇంకా పెరుగుతుంది. కూల్చిన చోటే ఇటుకను, కాంక్రీటును వేరుగా పోయించారా, కాంక్రీటు దిమ్మను 28 రోజులకు నొక్కి చూసే క్యూబ్ టెస్టులో ఎంత బలం వచ్చింది? వీధివాళ్లు అడుగుతున్న కాగితాలు ఈ రెండే. వాటిని ఇంకా ఎవరూ చూపలేదు.