మత్తు డాక్టర్ అడిగే ప్రశ్న వెనక

హన్మకొండలో గాల్‌బ్లాడర్ రాళ్లకు ఆపరేషన్ పెట్టుకుంటే ముందుగా మత్తు డాక్టర్ వచ్చి బీపీ, షుగర్, ఆస్తమా, కదిలే పళ్లు, అన్నీ అడుగుతారు. పేషెంట్ ఆర్యవైశ్యులని తెలిస్తే కొందరు డాక్టర్లు ఇంకో ప్రశ్న కూడా వేస్తారు: "మీ ఇంట్లో ఎవరినైనా ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి వచ్చిందా?" వైద్యానికి కులంతో ఏం పని అని నొచ్చుకునేవాళ్లు ఉంటారు. నొచ్చుకోవాల్సిన పనిలేదు. అది ప్రాణం కోసం అడిగే ప్రశ్న. దాని వెనక యాభై ఏళ్లకు పైబడిన పరిశోధన, దేశదేశాల శాస్త్రవేత్తల ఉమ్మడి కష్టం ఉన్నాయి.

ఫుల్ మత్తు ఇచ్చినప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి. దవడ, గొంతు కండరాలు బిగిసి ఉంటే గొట్టం దిగదు. అందుకని కండరాలు వదులయ్యే మందు ఇస్తారు. వాటిలో పాతది, అత్యవసరంలో ఇప్పటికీ వాడేది సక్సినైల్‌కోలిన్. ఆపరేషన్ థియేటర్లో స్కోలిన్ అంటారు. సూదిలోంచి ఎక్కించాక నిమిషం తిరక్కుండానే ముఖం మీద, ఛాతీ మీద, కాళ్ల మీద చర్మం కింద కండరాలు సన్నగా అదురుతాయి. ఆ అదురు ఆగేసరికి ఒళ్లంతా వదులైపోతుంది. ఊపిరి కూడా ఆగుతుంది. ఆ కాసేపూ డాక్టరే బ్యాగ్ నొక్కుతూ, మెషీన్ పెట్టి ఊపిరి అందిస్తారు. ఐదు పది నిమిషాల్లో మందు పని అయిపోతుంది, కండరాలకు మళ్లీ కదలిక వస్తుంది.

అంత తొందరగా ఎలా దిగిపోతుంది? మన కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము, అంటే ఒంట్లో రసాయన పనులు నడిపే ఒక ప్రోటీన్, స్కోలిన్‌ను విరగ్గొడుతుంది. ఇచ్చిన డోసులో చాలాభాగం కండరం దాకా చేరకముందే రక్తంలోనే విరిగిపోతుంది. ఈ ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్లలో మాత్రం మందు మొత్తం కండరాల మీద పడుతుంది, గంటల తరబడి వదలదు. ఈలోగా మత్తు దిగిపోతే పేషెంట్‌కు చుట్టూ మాటలు వినిపిస్తుంటాయి, కానీ రెప్ప ఎత్తలేరు, వేలు కదపలేరు. తలుచుకుంటేనే భయమేస్తుంది. అందుకే సంగతి పసిగట్టిన డాక్టర్ మత్తును కొనసాగిస్తూ, వెంటిలేటర్ తీయకుండా ఓపిగ్గా కూర్చుంటారు. మందు దానంతటదే దిగాక మనిషి మామూలుగా లేచి కూర్చుంటారు. పసిగట్టకుండా గొట్టం తీసేస్తేనే ప్రమాదం.

1950ల మొదట్లో స్కోలిన్ వాడకంలోకి వచ్చిన వెంటనే ఈ తేడా డాక్టర్ల కంటబడింది. ఇది కుటుంబాల్లో వస్తుందని 1956లో లాన్సెట్ పత్రికలో లీమన్, రయన్ రాశారు. నీలగిరి కొండల గిరిజనుల్లో సికిల్ సెల్‌ను, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బును, 1952లో బయటపెట్టిన ఇద్దరిలో ఒకరు ఈ హెర్మన్ లీమనే. మన ఆదిలాబాద్ గూడేల్లో ఇవాళ సికిల్ సెల్ పరీక్షలు చేస్తున్నామంటే ఆ దారి మొదట్లోనూ ఆయన పేరు కనబడుతుంది. 1957లో టొరంటోలో కాలో, జెనెస్ట్ కలిసి, ఎంజైము ఉన్నా సరిగ్గా పనిచేయనివాళ్లను గుర్తించే రక్తపరీక్ష తయారుచేశారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. 1987లో అమెరికాలో ఒక్సానా లాక్రిడ్జ్ బృందం ఈ ఎంజైము గొలుసులోని 574 అమైనో ఆమ్లాలనూ, అంటే ప్రోటీన్ గొలుసులోని ఒక్కొక్క పూసనూ, వరుసగా చదివి ప్రచురించింది. ఆ వరుస తెలిస్తే గానీ ఎవరిలో ఎక్కడ మార్పు ఉందో చెప్పలేం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరిశోధన పేపర్ 2006లో వచ్చింది. దాని మీద ఐదు పేర్లున్నాయి: మనోహరన్, వీస్లర్, లేయర్, లాక్రిడ్జ్, బూపతి. కోయంబత్తూరులోని భారతియార్ యూనివర్సిటీ, జర్మనీలోని డార్మ్‌స్టాట్, అమెరికాలోని నెబ్రాస్కా కలిసి చేసిన పని. కోయంబత్తూరు వైశ్య కుటుంబాల్లో ఈ ఎంజైము అసలు లేనివాళ్లు యూరప్, అమెరికా జనంతో పోలిస్తే వేల రెట్లు ఎక్కువగా ఉన్నారు. కారణం వెతికితే గొలుసులో 307వ చోట ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది పోయి ప్రోలీన్ అనే ఇంకొకటి ఉంది. ప్రోలీన్ ఉన్నచోట గొలుసు ఒంపు తిరిగి బిగుసుకుంటుంది. ఆ ఒక్క మార్పుకే ఎంజైము పనికిరాకుండా పోయింది.

ఇలాంటి పని ఒక్క ల్యాబు వల్ల కాదు. ఎంజైము గుట్టు తెలిసినవాళ్లు నెబ్రాస్కాలో ఉన్నారు, కుటుంబాలు కోయంబత్తూరులో ఉన్నాయి. ఆ కుటుంబాలతో మాట్లాడి, నమ్మకం సంపాదించి, రక్తం తీసుకున్నవాళ్లు లేకపోతే ఎంత పెద్ద మెషీన్ ఉన్నా పనికిరాదు. మరుసటి ఏడాదే మనోహరన్, బూపతి, లాక్రిడ్జ్, కెనడాకు చెందిన దర్వేష్‌తో కలిసి ఇంకో పేపర్ వేశారు. ఈ ఎంజైము లేనివాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో చూశారు. మిగతావాళ్లలాగే శుభ్రంగా ఉన్నారు. స్కోలిన్ లాంటి మందు ఒంట్లో పడేదాకా ఆ లోటు తెలియనే తెలియదు. ఆ కుటుంబాలకు ఊరటనిచ్చే మాట కాబట్టి, నా లెక్కలో ఈ రెండో పేపర్ మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు.

మరి ఒకే సమాజంలో ఇది ఎందుకింత పేరుకుంది? "మేం మేనరికాలు చేసుకోలేదు, గోత్రాలు చూసే చేశాం" అంటారు. నిజమే. వైశ్యుల్లో 102 గోత్రాలు, సగోత్రం చేసుకోరు. అయితే గోత్రం తండ్రి వరుసను మాత్రమే చూస్తుంది. తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ తరఫున వచ్చే పూర్వీకులు ఆ లెక్కలోకి రారు. హైదరాబాద్‌లోని జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ తదితరులు 2009లో నేచర్ పత్రికలో 25 భారతీయ సమూహాల జన్యువులను పోల్చి చూపారు. చాలా సమూహాలు ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే సంబంధాలు కలుపుకుంటూ వచ్చాయి. ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న మార్పు ఇప్పుడు లక్షలమందిలో ఉండొచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ అదే వస్తే ఎంజైము ఉండదు. 2017లో దాదాపు ఇదే బృందం నేచర్ జెనెటిక్స్‌లో 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఈ పరిస్థితి, దీనికి ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ వాళ్లకంటే, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులకంటే తీవ్రంగా ఉంది. కాబట్టి ఇది ఒక కులానికి అంటగట్టే లోపం కానే కాదు. ఎవరి పూర్వీకులు వాళ్లకు ఏదో ఒకటి ఇచ్చే ఉంటారు. వైశ్యుల విషయంలో అదేంటో ముందుగా తెలిసింది, అంతే.

వరంగల్‌కు ఈ ఎంజైముతో ఇంకో సంబంధం ఉంది. పత్తి చేలల్లో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయిన రైతును ఆస్పత్రికి తెస్తే చేయించే కోలినెస్టరేజ్ పరీక్షలో తరచూ కొలిచేది దీన్నే. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు దాన్ని కట్టేస్తాయి, రిపోర్టులో అంకె పడిపోతుంది. పురుగుమందుల షాపు నడిపే వైశ్య యజమాని అదే పరీక్ష చేయించుకుంటే, ఏ విషమూ సోకకపోయినా పుట్టుకతోనే అంకె తక్కువ రావొచ్చు. వెనకటి కథ తెలియని డాక్టర్ దాన్ని విషమని పొరబడే అవకాశం ఉంది.

ఒకరికి ఈ లోటు ఉందని తేలితే వాళ్ల తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం. ముందుగా పరీక్ష చేయించాల్సింది వాళ్లకే. డిశ్చార్జ్ సమ్మరీలో "స్కోలిన్ ఇవ్వకూడదు" అని రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోవాలి, ఎందుకంటే యాక్సిడెంట్ అయి స్పృహ లేకుండా చేరితే ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. ముందే తెలిస్తే చిక్కేం లేదు, రోక్యురోనియం లాంటి వేరే మందు వాడతారు. మన దగ్గర ఆర్యవైశ్య సంఘాలు రక్తదాన శిబిరాలు పెడుతూనే ఉంటాయి. కాకతీయ మెడికల్ కాలేజీ వాళ్లు ఆ శిబిరాల్లో ఒక ట్యూబు రక్తం ఎక్కువ అడిగి ఈ ఎంజైమును కొలిస్తే, మన జిల్లాల లెక్క మనకే తెలుస్తుంది. ఆ పేపర్ మీద వరంగల్ పేరు ఉండాలని నా కోరిక. రక్తమిచ్చిన ప్రతి ఇంటికీ రిపోర్టు తెలుగులో అందాలని అంతకంటే గట్టి కోరిక.